పైరీన్ పట్టిచ్చిన గుంపు

అబ్బ, అణువులు గుంపు కట్టడాన్ని పట్టిచ్చే ఈ పద్ధతి ఏం పద్ధతండీ! టూత్‌పేస్టు డబ్బా మీద చిన్నక్షరాల్లో ఉండే సోడియం లారిల్ సల్ఫేట్ ఇంత సరదా మనిషని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేం?

ల్యాబుల్లో దాన్ని ఎస్‌డీఎస్ అంటారు. నీళ్లలో కొద్దికొద్దిగా కలుపుతూ పోతే మొదట్లో ఏ అణువు దారి దానిదే. లీటరుకు 2.3 గ్రాములు, అంటే 8 మిల్లీమోలార్ చేరువకు రాగానే కూడబలుక్కున్నట్టు గుంపులు కట్టేస్తాయి! నీళ్లు గిట్టని తోకలు లోపలికి, నీళ్లతో పొసిగే తలలు బయటికి. అదే మైసెల్. అడ్డంగా కొలిస్తే నాలుగైదు నానోమీటర్లు. గ్లాసులో నీళ్లు మాత్రం ఎప్పట్లాగే తేటగా ఉంటాయి.

మరి గుంపు కట్టిందని తెలిసేదెలా? పైరీన్ చెబుతుంది! నాలుగు వలయాలు అతుక్కున్న ఈ అణువుకు నీళ్లంటే పడదు. మైసెల్ కనబడితే చాలు, లోపలికి దూరిపోతుంది. అతినీలలోహిత కాంతి పడితే ఐదు శిఖరాలుగా వెలుగుతుంది. వాటిలో 373, 384 నానోమీటర్ల దగ్గరున్న మొదటి, మూడో శిఖరాల మీదే కన్నంతా. చుట్టూ నీళ్లుంటే మొదటిది మూడోదానికి ఇంచుమించు 1.8 రెట్లు. మైసెల్‌లో దూరిందా, 1.1 దగ్గరికి దిగిపోతుంది. అడ్డంగా గాఢత, నిలువుగా ఈ నిష్పత్తి పెట్టి గీత గీయండి. కొంతదూరం చదునుగా వచ్చి, 8 చేరువలో జర్రున జారి, మళ్లీ చదునవుతుంది. గుంపు కట్టిన చోటు అదిగో, కాగితం మీదే! 1977లో కల్యాణసుందరం, థామస్ చూపించిన కిటుకిది.

ఇంతకన్నా చిత్రం, ఒక్కో గుంపులో ఎందరున్నారో లెక్కపెట్టడం. 1978లో టర్రో, యెక్తా ఏం చేశారంటే, మైసెళ్లను పట్టుకునే ఒక రుథీనియం సమ్మేళనాన్ని వెలిగించి, దాని వెలుగును ఆర్పే 9-మిథైల్ ఆంత్రసీన్‌ను కొంచెం కొంచెం కలుపుతూ పోయారు. రెండూ ఒకే మైసెల్‌లో పడితే దీపం ఆరుతుంది, లేకపోతే వెలుగుతూనే ఉంటుంది. మిగిలిన వెలుగును బట్టి మైసెళ్లెన్నో తేలుతుంది. గుంపుల్లో చేరిన అణువులను వాటితో భాగిస్తే ఎస్‌డీఎస్‌కు దాదాపు 60! పెళ్లిభోజనాల్లో దీపాలార్పి, బంతికెందరు కూర్చున్నారో చెప్పేయడమే కదా ఇది!

పైగా ఆ 8 రాసిపెట్టిన అంకె కూడా కాదట. 0.1 మోలార్ మామూలు ఉప్పు కలిపితే 1.5 మిల్లీమోలార్ చేరువకు పడిపోతుంది. ఒకే జాతి ఆవేశంతో ఒకదాన్నొకటి తోసుకునే తలల మధ్య సోడియం అయాన్లు సర్దుబాటు చేస్తాయి మరి. వంటింటి ఉప్పుకే ఇంత మార్పయితే, ఆల్కహాల్ వేస్తే? యూరియా వేస్తే? వేడిచేస్తే? ఏదైనా చేసుకోండి, పైరీన్ మాత్రం ఠక్కున చెప్పేస్తుంది!