నకలు, నకిలీ

ఫ్లారెన్సులో బార్జెల్లో మ్యూజియానికి చేరువగా ఉన్న ఒక ఇరుకు సందులో, దుకాణపు అద్దాల వెనుక, పాలరాతి పసివాడొకడు నిద్రపోతున్నాడు. వీపున చిన్న రెక్కలు, తల కింద ముడిచిన చేయి. రోమన్ల కాలపు మన్మథుడేమో అనిపించే ముఖం. ఎంత పాతదని అడిగాను. దుకాణదారు నవ్వి, "పోయిన శీతకాలంలో చెక్కాం. రాయి కరారాది, పని మాది" అన్నాడు.

ఆ జవాబు విలువ తెలియాలంటే ఈ ఊరి పాత కథ ఒకటి తెలియాలి.

మైకెలాంజిలో ఇరవై ఒక్కేళ్ల ప్రాయంలో ఇటువంటి మన్మథుణ్ణే చెక్కాడు. మట్టిలోంచి తవ్వి తీసినట్లు కనిపిస్తే మంచి ధర వస్తుందని మెదిచీ వంశీయుడొకరు సలహా ఇచ్చారని ఆయన జీవిత చరిత్రకారుడు కొందివీ రాశాడు. అలా వయసు పెంచిన శిల్పాన్ని ఒక వర్తకుడు రోములో కార్డినల్ రియారియోకు 200 డ్యుకాట్లకు అమ్మి, శిల్పికి 30 మాత్రమే ముట్టజెప్పాడు. గుట్టు బయటపడగానే కార్డినల్ బొమ్మను తిప్పి పంపి డబ్బు రాబట్టుకున్నాడు. అయినా తన కళ్లను భ్రమింపజేసిన ఆ హస్తకౌశలాన్ని వదులుకోలేదు. 1496 జూన్‌లో మైకెలాంజిలో రోము చేరాడు.

అక్కడ ఆయన కార్డినల్ కోసం చెక్కిన 'బాకస్' నేడు బార్జెల్లోలో ఉంది. ఆ భవనం ఒకప్పుడు చెరసాల. మధుపాత్ర ఎత్తిపట్టి తూలుతున్న యువదేవుడు. అతని వెనుక నక్కి ద్రాక్షపండ్లు తింటున్న మేకకాళ్ల పిల్లవాడు. ప్రాచీనుల బాణీయే అయినా దీనిలో దాపరికం లేదు. కార్డినల్ దీన్నీ ఉంచుకోలేదు. యాకొపో గల్లీ అనే ధనికుని తోటలో, నిజమైన పురాతన శిల్పాల నడుమ ఇది చాలాకాలం నిలిచింది.

మరి ఆ మన్మథుడు? 1502లో మాంటువా పాలకుని భార్య ఇసబెల్లా దెస్తె వద్దకు చేరాడు. కొత్త శిల్పమని తెలిసే ఆమె కోరి తెప్పించుకుంది. ప్రాచీనమని పేరుపడిన మరో మన్మథుని సరసనే ఉంచింది. తరువాత ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ సేకరణలో చేరిన ఆ శిల్పం 1698లో వైట్‌హాల్ అగ్నిప్రమాదంలో నశించిందని భావిస్తారు.

మనకు నకలు, నకిలీ అని రెండు మాటలున్నాయి. పుట్టుక ఒకటే. కచేరీలో దస్తావేజు నకలు అడిగితే ఇస్తారు. నకిలీ తెస్తే శిక్షిస్తారు. తేడా అమ్మేవాడు చెప్పే మాటలో ఉంది.

అనువాదంతో పొట్ట పోసుకునే నాకు ఆ తేడా పరాయిది కాదు. తొలిరోజుల్లో నేను తెలుగు చేసిన ఒక ఆంగ్ల కథ, మూలరచయిత పేరు లేకుండా, నా సొంత కథగా అచ్చయింది. పొరపాటు పత్రికది, దిద్దమని రాయకపోవడం నాది. మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు ఇప్పటికీ పెట్టె అడుగున ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాయలేకపోయాను.

మన్మథుణ్ణి కొనే స్తోమత నాకు లేదు. అరచేతిలో ఇమిడే పాలరాతి పాదం ఒకటి కొన్నాను. రసీదు మీద చెక్కిన సంవత్సరాన్నీ, చెక్కినవారి పేరునూ దుకాణదారు నేను అడగకుండానే రాసిచ్చాడు.