ఐదు కోణాల నక్షత్రం, మేము చేసిన ఒక తప్పు



పోయిన ఆదివారం మన తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు నోటుపుస్తకం అట్ట మీద సున్న చుట్టి, లోపల పెన్ను ఎత్తకుండా ఐదు కోణాల నక్షత్రం గీసినాడు. పక్కనున్న పెద్దాయన చూసి, "ఇది సైతాను గుర్తురా, చెరిపెయ్" అన్నారు. ఆయన్ని మేము తప్పు పట్టలేదు. కొన్నేళ్ళ కిందట అదే మాట మేమూ అన్నాము. మేమంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరమూ. అన్నది ఒక మంచి మనిషిని గురించి. ఆ సంగతి ఇక్కడ రాయాలని చాలా రోజులుగా అనుకొంటూ, సిగ్గుపడి ఆగిపోతూ వచ్చినాము.

అప్పుడు మావాడు అమెరికాలో నెవాడా రాష్ట్రంలో, రీనో పక్కన స్పార్క్స్ అనే ఊర్లో ఉండేవాడు. 1904లో సదరన్ పసిఫిక్ రైల్వే తన షాపులు అక్కడికి మార్చినప్పుడు పుట్టిన ఊరు అది. మన జోలార్‌పేట మాదిరి రైలు పెట్టిన ఊరని తెలిసి మాకు భలే సంతోషం. పక్కింట్లో డెబ్బై దగ్గర పడిన ఒకామె ఒంటరిగా ఉండేది. కోడలు పని నుంచి వచ్చేదాకా మా నాలుగేళ్ళ మనవరాలు ఆమె దగ్గరే ఆడుకొనేది.

మేము పోయిన రెండో వారం మా ఇంటామె ఆ ముసలామె మెడలోని బిళ్ళ చూసింది. సున్నలో నక్షత్రం. మేము చూసిన అరవ సినిమాల్లో మంత్రవాది నేల మీద గీసి, నడుమ పుర్రె పెట్టే గీత కూడా అట్లాంటిదే.

"చేతబడి చేసే ఆమె దగ్గరారా పిల్లని వదిలిపెట్టేది?" అని మావాడిని నిలదీసింది.

"అమ్మా, ఆమెది విక్కా అనే మతం. అంతే. ఏమీ భయం లేదు" అన్నాడు వాడు.

మతం అన్నా మేము వినలేదు. రెండు రోజులు ఇంట్లో అన్నం సరిగా తినలేదు. మూడో రోజు వాడే తలవంచినాడు. "అత్తా మామా వచ్చినారు కదా, ఇక వాళ్ళే చూసుకొంటారు" అని కోడలు ఆమెకు చెప్పి వచ్చింది. ఆమె ఒక్క మాటా అడగలేదు. మరుసటి రోజు మా వాకిట్లో ఒక సంచి ఉన్నింది. లోపల పాప రంగు పెన్సిళ్ళు, ఒక స్వెట్టరు, పాప పాలు తాగే గ్లాసు. గ్లాసు కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టింది.

"తాతా, ఆ అవ్వ ఏం తప్పు చేసింది?" అని మనవరాలు అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ముప్పై ఏళ్ళకు పైగా రైల్వే గుమాస్తా ఉద్యోగం చేసినవాళ్ళకు కాగితం చూడకుండా తీర్పు చెప్పడం నిద్ర పట్టనీయని పని. ఆ ఊరి గ్రంథాలయంలో మావాడి సాయంతో పుస్తకాలు తిరగేసినాము. తెలిసింది ఇది.

విక్కా పాత దేవతారాధన పేరు చెప్పుకొనే కొత్త మతం. దాన్ని బయటికి తెచ్చినవాడు ఇంగ్లండుకు చెందిన జెరాల్డ్ గార్డ్‌నర్. ఆయన కూడా మన మాదిరి రిటైరైన సర్కారు ఉద్యోగే! చిన్నతనంలో సిలోను తేయాకు తోటల్లో, తర్వాత మలయాలో కస్టమ్స్ శాఖలో పని చేసినాడు. మంత్రగత్తెల మీద ఇంగ్లండులో ఉన్న 1735 నాటి చట్టం 1951లో రద్దయింది. 1954లో ఆయన తన పుస్తకం అచ్చు వేసినాడు. ప్రకృతిలో దేవుణ్ణీ దేవతనూ చూడడం, ఋతువులకు పండుగలు చేయడం, ఎవరికీ కీడు చేయకుండా నడుచుకోవడం వాళ్ళ పద్ధతి. సైతాను అనేవాడు వాళ్ళ మతంలోనే లేడు.

ఉట్టి నక్షత్రం పెంటగ్రామ్. చుట్టూ సున్న ఉంటే పెంటకిల్. నాలుగు కోణాలు భూమి, నీరు, నిప్పు, గాలి. పైకి చూసే ఐదో కోణం ఆత్మ. చుట్టూ ఉన్న సున్న ఈ ఐదింటినీ కలిపి ఉంచేది. చదువుతూ ఉంటే మాకు మన కంచి, తిరువానైక్కావల్, తిరువణ్ణామలై, శ్రీకాళహస్తి, చిదంబరం గుర్తుకు వచ్చినాయి. అయితే రెండూ ఒకటే అని చెప్పడానికి లేదు. మన ఐదోది ఆకాశం, వాళ్ళ ఐదోది ఆత్మ. వాళ్ళ నాలుగు భూతాల లెక్క గ్రీకుల దగ్గరి నుంచి వచ్చింది.

ఆ నక్షత్రం విక్కా కంటే ఎంతో పాతది. పైథాగరస్ శిష్యులు తమవాళ్ళను గుర్తు పట్టడానికి దాన్ని వాడుకొన్నారు. 14వ శతాబ్దపు ఒక ఇంగ్లీషు కావ్యంలో గవేన్ అనే వీరుడి డాలు మీద అదే నక్షత్రం ఉంటుంది. అక్కడ అది ఏసుక్రీస్తు ఐదు గాయాలకు గుర్తు. మరి చెడ్డ పేరు ఎట్లా వచ్చింది? 19వ శతాబ్దంలో ఎలిఫాస్ లెవీ అనే ఫ్రెంచి ఆయన, ఒక కోణం పైకి ఉంటే మంచి, రెండు కోణాలు పైకి ఉంటే చెడు అని రాసినాడు. 1966లో అమెరికాలో పుట్టిన సైతాను చర్చి వాళ్ళు తలకిందుల నక్షత్రంలో మేక తల పెట్టి తమ గుర్తు చేసుకొన్నారు. గార్డ్‌నర్ దారిలో మాత్రం ఆ తలకిందుల నక్షత్రం రెండో దీక్షకు గుర్తు, అంతే. సినిమావాళ్ళకు ఈ తేడాలన్నీ ఎందుకు?

రైల్వేలో ఉన్నవాళ్ళకు ఇది సులభంగా అర్థం కావాలి. రైలు ఆఖరి పెట్టె వెనక పెద్ద ఇంటూ గుర్తు ఉంటుంది. బయటివాళ్ళకు ఇంటూ అంటే తప్పు. మాకు దాని అర్థం, పెట్టె ఏదీ తెగిపోలేదు, బండి పూర్తిగా వచ్చింది అని. గుర్తుకు అర్థం దాన్ని వాడేవాళ్ళను అడగాలి. మేము అడగలేదు.

ఇంకొక సంగతి చదివినాక మాకు ఉండబట్టలేదు. నెవాడా నేషనల్ గార్డ్ సార్జెంటు పాట్రిక్ స్టీవార్ట్ 2005 సెప్టెంబరులో ఆఫ్ఘనిస్తాన్‌లో హెలికాప్టరు కూలి చనిపోయినాడు. ఆయన విక్కా మతస్థుడు. స్మారక ఫలకం మీద పెంటకిల్ వేయమని భార్య రాబర్టా అడిగితే, కేంద్ర శాఖ ఒప్పుకొన్న గుర్తుల పట్టీలో అది లేదన్నారు. శిలువ ఉంది, నెలవంక ఉంది, హిందువులకు ఉంది, దేవుడు లేడనేవాళ్ళకు కూడా ఉంది. దేశం కోసం చచ్చిపోయిన ఈ మనిషికి లేదు. ఆమె వదల్లేదు. 2006లో రాష్ట్రమే ముందుకు వచ్చి, స్పార్క్స్‌కు తూర్పున ఫర్న్‌లీలో ఉన్న సైనికుల శ్మశానంలో ఫలకం పెట్టింది. కోర్టు దాకా పోయినాక 2007 ఏప్రిల్‌లో కేంద్రమూ ఒప్పుకొనింది.

మేము చదువుకొన్న అరవ బడిలో మనల్ని "గొల్టి" అని పిలిచిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నాయన పెట్టిన నామం చూసి నవ్వితే, బడి గేటు దాటకముందే చెరిపేసుకొని లోపలికి పోయిన రోజులూ ఉన్నాయి. ఆ చెరుపుకొన్న చేతులతోనే ఇంకొకరి గుర్తును ఎట్లా అంత తేలికగా తీసిపారేసినాము?

మరుసటి రోజు మురుకులు డబ్బాలో పెట్టుకొని ఇద్దరమూ ఆమె తలుపు తట్టినాము. మా ఇంగ్లీషు అంతంత మాత్రం. "మీ బిళ్ళ చూసి తప్పుగా అనుకొన్నాము, మన్నించండి" అని మాత్రం చెప్పగలిగినాము. ఆమె కొంచెం సేపు గడప దగ్గరే నిలబడింది. తర్వాత, "చాలామంది అడగకుండానే దూరమైపోతారు. మీరు తిరిగి వచ్చినారు" అని లోపలికి పిలిచింది. మా ఇంటామె చెయ్యి పట్టుకొని, ఒక్కొక్క వేలూ తాకుతూ భూమి, నీరు, నిప్పు, గాలి, ఆత్మ అని చెప్పింది. సోమవారం ఆ సంచి మళ్ళీ వాళ్ళింటికి పోయింది, గ్లాసుతో సహా.

తరగతిలో ఆ పిల్లవాడు భయపడి నక్షత్రం మీద పెన్నుతో గీకేసినాడు. వచ్చే ఆదివారం వాడి పక్కన కూర్చొని ఇదంతా చెబుతాము. ఆ పెద్దాయన కూడా ఈ గుంపులో ఉన్నారు. అన్నా, కోపం పెట్టుకోవద్దు. మీ కంటే ముందు తప్పు చేసినవాళ్ళం మేమే.