మైకు బందయిందనుకుని

డీన్ జోన్స్ పేరు మా ఇంట్లో నా చిన్నప్పట్నుంచీ ఉంది. 1986 సెప్టెంబరు, మద్రాసు చెపాక్ టెస్టు. ఆ ఎండలో వాంతులు చేసుకుంటూనే ఆస్ట్రేలియా తరఫున 210 కొట్టి ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాడు. అతన్ని బౌల్డ్ చేసింది మన హైదరాబాదీ శివలాల్ యాదవ్. ఆ మ్యాచి టై అయింది. అబ్బా రేడియోలో విన్న ఆ ఆటను ఎన్నిసార్లు చెప్పేవారో! "దూసరీ టీమ్ కా హై తో క్యా హువా, జిగర్‌వాలా హై" అనేవారు.

ఆ జోన్సే తర్వాత టీవీ కామెంటేటరయ్యాడు. గౌనూ టోపీ పెట్టుకుని 'ప్రొఫెసర్ డీనో'గా క్రికెట్ పాఠాలు చెబుతుంటే నేనూ నవ్వుకుంటూ చూశాను.

2006 ఆగస్టులో కొలంబోలో శ్రీలంక, దక్షిణాఫ్రికా టెస్టు. హషీమ్ ఆమ్లా క్యాచ్ పట్టాడు. నిండు గడ్డం, బీరు కంపెనీ బొమ్మ చొక్కా మీద వద్దన్న మనిషి. ప్రకటనలు వస్తున్నాయి కదా, మైకు బందయిందనుకున్నాడు జోన్స్. టెర్రరిస్టుకు ఇంకో వికెట్ దొరికిందన్నాడు. ఆ మాట దక్షిణాఫ్రికా ఇళ్లల్లోకి పోయింది. టెన్ స్పోర్ట్స్ అతన్ని తీసేసింది. క్షమాపణ చెప్పుకున్నాడు.

అప్పుడు నేనొక పత్రికలో సబ్ ఎడిటర్ని. ఆ వార్త నేనే తెలుగు చేశాను. 'నోరు జారిన జోన్స్' అని హెడ్డింగు పెట్టారు పెద్దాయన. జారితే లోపలున్నదే కదా సార్ బయటపడేది అన్నాను. "నువ్వు మనసుకు తీసుకోకు భాయ్" అన్నారు. ఆ డెస్కులో అందరికీ పేర్లున్నాయి. నేనొక్కణ్ణే భాయ్‌ని.

2007 మే 18, జుమా రోజు మక్కా మసీదులో బాంబు పేలింది. మామూ నమాజుకు అక్కడికే పోయాడు. ఫోన్ కలవడం లేదు. నా చేతులు వణుకుతుంటే పక్క కుర్చీలోంచి ఒకాయన, "భాయ్, నీకు ముందే తెలిసుండాలే" అని నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. అక్కడ మైకు లేదు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. మామూ రాత్రికి ఇల్లు చేరాడు. నేను మర్నాడు డ్యూటీకి పోయాను.

జోన్స్ మళ్లీ మైకు ముందుకొచ్చాడు. ఇస్లామాబాద్ యునైటెడ్‌కు కోచ్‌గా 2016లో, 2018లో పాకిస్తాన్ లీగ్ గెలిపించాడు. చూశావా, అతనికి ముస్లిములంటే ద్వేషమేం లేదంటాడు నా దోస్తు. ఉండకపోవచ్చు. ద్వేషం లేకుండానే అంత సులువుగా వచ్చే మాటంటేనే నాకు భయం.

2020 సెప్టెంబరు 24న, ఐపీఎల్ కామెంటరీకి వచ్చిన జోన్స్ ముంబయిలో చనిపోయాడు. ఆమ్లా సంగతి ఉర్దూ పేపర్లో చదివిన రోజు నుంచీ అబ్బా మద్రాసు కథ చెప్పడం మానేశారు. ఆ రోజు మాత్రం టీవీ చూస్తూ, "దో సౌ దస్..." అన్నారు మెల్లగా.

కాసేపాగి అడిగారు: "2012లో ఓవల్‌లో ఆమ్లా ఎంత కొట్టాడు?"

"311 నాటౌట్, అబ్బా."