రెండో సీటు లెక్క

మైపాడు ఇసుకలో బుడగల బోర్డు ఎప్పట్నుంచో ఉంది. నిలువుగా పాతిన చెక్కచట్రం, దానికి వరసలుగా కట్టిన రంగు బుడగలు, ముందొక బల్ల, బల్లమీద రెండు ఎయిర్ గన్నులు. గొట్టం విరిచి 4.5 మిల్లీమీటర్ల సీసం గుండు పెట్టి, గొట్టం మూసి, గురిచూసి నొక్కాలి. సముద్రపు గాలికి బుడగలు ఊగుతుంటాయి. గన్ను గొట్టం కాస్త వంకరగానే ఉంటుంది. అయినా ఆ ఆట దగ్గర లెక్క గురించి తగాదా పడినవాళ్ళని నేను చూడలేదు. బుడగ పగిలితే పగిలినట్టు, లేకపోతే లేదు. కాల్చినవాడూ, పక్కన నిలబడినవాడూ, డబ్బులు తీసుకునేవాడూ అందరూ చూసేది ఆ బుడగనే.

నేను నెల్లూరులో రేడియోలూ టీవీలూ బాగుచేసి బతికిన మనిషిని. లెక్క అందరి కళ్ళముందూ జరగడం ఎంత పెద్ద సంగతో నాకు తెలిసొచ్చింది ఆ తీరంలోనే, ఇంకో రకం తుపాకుల ఆట దగ్గర.

2009 వేసవి సెలవులవి. ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్ వాళ్ళు మైపాడులో స్థలం మాట్లాడుకుని జెయింట్ వీలు, కొలంబస్, పిలకాయల రైలు దించారు. వాటితోబాటు కొత్తది ఒకటి తెచ్చారు: రేకులూ టార్పాలిన్లూ కట్టిన పొడుగాటి గుహ. లోపల ఇనప పట్టాలు, వాటిమీద నాలుగు బండ్లు, బండికి రెండు సీట్లు, సీటుకో ప్లాస్టిక్ తుపాకీ. బండి మెల్లగా పోతుంటే చీకట్లో రెండుపక్కలా రాక్షసుల బొమ్మలు వస్తాయి. ఒక్కో బొమ్మ నుదుటిమీద చిన్న నల్లటి కన్ను ఉంటుంది. దానికి గురిపెట్టి నొక్కితే బండి ముందున్న పలకమీద, ఆ సీటు వాళ్ళ ఎర్ర అంకె పది పెరగాలి. రెండొందలు దాటిస్తే స్టీలు గిన్నె బహుమతి.

కొన్నాళ్ళకే యజమాని నా షాపు వెతుక్కుంటూ వచ్చాడు. ఒంగోలు వైపు మనిషి, మర్యాదస్తుడు. "అంకెలు చెప్పిన మాట వినడం లేదన్నా. సాయంత్రం కొట్టినా పడవు, రాత్రి కొట్టకపోయినా పడతాయి. జనం నన్ను మోసగాడంటున్నారు" అన్నాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. సామాన్ల సంచీ బండికి తగిలించుకుని బయల్దేరాను. మైపాడు గేటు దాటి ఇందుకూరుపేట మీదుగా 25 కిలోమీటర్ల దారి. వరిచేలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యేచోట గాలిలో ఉప్పు తగులుతుంది. ఆ ఉప్పుకి నా వృత్తిలో అర్థం ఏమిటో నాకు తెలుసు గనక, మొదట కనెక్టర్లే చూడాలని దారిలోనే అనుకున్నాను.

అక్కడికి పోయేసరికి టిక్కెట్ల బల్ల దగ్గర గుంపు. జాలర్ల పేట పట్టపుపాళెం పిలగాడు ఒకడు, పన్నెండేళ్ళుంటాయేమో, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన వాళ్ళమ్మ. వాడు రెండో సీటులో కూర్చున్నాడట, మొదటి సీటులో నెల్లూరు నుంచి వచ్చిన ఒక పాప.

"నేను కొట్టిన దెబ్బలు ఆ పాపకి ఎక్కినయి సార్. నేను చూస్తానే ఉండా" అంటున్నాడు వాడు.

టిక్కెట్లిచ్చే కుర్రాడు, "మిషను అబద్ధం చెప్పదు. నీకు తగిలుంటే నీకే పడేది" అన్నాడు.

దానికి ఆ తల్లి అడిగిన మాట నేను మర్చిపోలేదు. "నీళ్ళమీద చేపల మంద యాడ తిరగతా ఉండాదో వాళ్ళ నాయనకి చూపించే పిలగాడు సామీ వీడు. మూరెడు దూరంలో ఉండే బొమ్మ కనపడదా వీడికి?"

అప్పుడా నెల్లూరు పాప ముందుకొచ్చి, "అవునంకుల్, నేను వేరే బొమ్మని కొడుతుంటే కూడా నా నంబరు పెరిగింది" అంది. వాళ్ళ నాన్న చెయ్యి పట్టి లాగుతున్నా ఆ మాట పూర్తిచేసే వెళ్ళింది. వాదన నడుస్తున్న చోట, తనకు లాభమైన లెక్కని తప్పని చెప్పడానికి గుండె కావాలి. ఆ పాప మాటతో నాకు సగం దారి తెలిసింది. యంత్రం లెక్క కలపడం మానలేదు, ఒకరి లెక్క ఇంకొకరికి కలుపుతోంది. అవి రెండూ వేర్వేరు జబ్బులు.

ఈ తుపాకులాటలో గుండు ఉండదు, వెలుతురే గుండు. 1936లోనే అమెరికాలో సీబర్గ్ కంపెనీ రే-ఓ-లైట్ అనే ఆట తయారుచేసింది. అందులో తుపాకీ వెలుతురు చిమ్ముతుంది, కదిలే బాతు బొమ్మలో వెలుతురుని గుర్తుపట్టే గొట్టం ఉంటుంది. ఆ వెలుతురు పడితే బాతు కూలుతుంది. 1984లో వచ్చిన నింటెండో డక్ హంట్ దీన్ని తిరగేసింది: వెలుతురు టీవీ తెరమీద ఉంటుంది, చూసే కన్ను తుపాకీలో. తొంభైల్లో మన ఇళ్ళలో పిలకాయలు టీవీ ముందు కూర్చుని ఆడిన బాతులాట అదే, దాని నకళ్ళు. ఆ తుపాకులు నా బల్లమీదికి చాలా వచ్చేవి. నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. ముందు చీకటి, తర్వాత వెలుతురు, రెండూ కనిపిస్తేనే దెబ్బ తగిలినట్టు. దీపం వైపు గురిపెట్టి దొంగ లెక్క వేసుకోకుండా చేసిన ఏర్పాటది. ఎంత ఆలోచించి చేశారో అని నేను అప్పట్లోనే ముచ్చటపడేవాణ్ణి.

మైపాడు గుహలోవి టీవీ రిమోట్ జాతివి. నొక్కితే కంటికి కనపడని పరారుణ కాంతి సెకనుకి 38,000 సార్లు వెలిగి ఆరుతూ పోతుంది. రాక్షసుడి నుదుటిమీది నల్లటి కన్ను ఆ వేగాన్నే గుర్తుపడుతుంది, మామూలు వెలుతురుని లెక్కచెయ్యదు. తుపాకీ పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి సెల్‌ఫోను కెమెరా చాలు. గొట్టం మూతి కెమెరా వైపు పెట్టి నొక్కితే, మన కంటికి చీకటిగా ఉన్నచోట ఫోను తెరమీద లేత ఊదారంగు చుక్క మినుకుమంటుంది. నా చుట్టూ మూగిన పిలకాయలందరికీ ఆ చుక్క చూపించాను. ఆ పట్టపుపాళెం పిలగాడు మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాడు. ఎనిమిది తుపాకులూ బాగానే ఉన్నాయి.

సాయంత్రం జబ్బు సూర్యుడిది. మన తీరంలో పొద్దు సముద్రంలోంచి పుట్టి ఊళ్ళవైపు కుంగుతుంది. గుహ ద్వారం రోడ్డు వైపు, అంటే పడమటికి. జనం వచ్చే వేళా, ఎండ ఏటవాలుగా ద్వారంలోంచీ టార్పాలిన్ చిరుగుల్లోంచీ దూరే వేళా ఒకటే. ఆ ఎండ నేరుగా తూర్పుగోడ బొమ్మల నుదుళ్ళమీద కొడుతోంది. ఎండని లెక్కగా తీసుకోదుగానీ, ఎండలో ఆ కన్నుకి తుపాకీ కాంతిని పట్టే శక్తి బాగా తగ్గిపోతుంది. పీవీసీ పైపు ముక్కలు కోసి, లోపల నల్లరంగు పూసి, ప్రతి కన్నుకీ గొడుగులా బిగించాం. చిరుగులకి అతుకులు వేయించాం.

రాత్రి జబ్బు సీఎఫ్‌ఎల్ బల్బులది. కరెంటు ఆదా అవుతుందని గుహ లోపల అవే పెట్టారు. వాటిలోని ఎలక్ట్రానిక్ చోకు కూడా సెకనుకి పదుల వేలసార్లు కొట్టుకుంటుంది. దగ్గర్లో వేలాడే బల్బు వెలుతురుని ఆ కన్ను తుపాకీ దెబ్బ అనుకునేది. బల్బులు మార్చి, పాతకాలపు తీగ బల్బులు చిన్నవి పెట్టించాను. వాటి వెలుతురు సెకనుకి 100 సార్లు మాత్రమే ఊగుతుంది గనక కన్ను పట్టించుకోదు. ఇక ఉప్పు సంగతి అనుకున్నట్టే ఉంది. రాగి తీగల చివర్లు పచ్చగా పొడిబారి ఉన్నాయి. పట్టాల అతుకుల దగ్గర తుప్పు పట్టి, బండి అక్కడ ఎగిరినప్పుడల్లా కరెంటు క్షణం తెగి అంకెలు సున్నాకి పోతున్నాయి. గరుకు కాగితంతో రుద్ది, ఒక్కో పలకకీ పెద్ద కెపాసిటరు కట్టాను. ఇదంతా చేతిపని, ఓపికుంటే అయిపోయేది.

నాకు నిద్రపట్టనివ్వనిది రెండో సీటు. బండి సర్క్యూట్ బోర్డు విప్పి దారులు గీసుకుంటే తేలింది ఇది: రెండు తుపాకుల కాంతీ ఒకే రకం. రాక్షసుడి కన్ను "తగిలింది" అని మాత్రమే చెబుతుంది, ఎవరిది తగిలిందో దానికి తెలియదు. అప్పుడు బోర్డు, ఆ క్షణాన ఎవరి చెయ్యి నొక్కి ఉందా అని మొదటి సీటు నుంచి వరసగా చూస్తుంది. మొదటి సీటు నొక్కి ఉంటే దానికే పది కలిపేసి ఆగిపోతుంది, రెండో సీటు దాకా పోదు. ఇద్దరూ ఒకేసారి నొక్కితే, ఎవరి గురి ఎటున్నా సరే, లెక్క మొదటివాళ్ళదే. పిలకాయలు తుపాకీ పట్టుకుంటే వేలు తియ్యరు కదా! అంటే వేసవి మొదలైనప్పట్నుంచీ రెండో సీటులో కూర్చున్న ప్రతి బిడ్డకీ అన్యాయం జరుగుతూనే ఉంది. ఎవరూ కావాలని చెయ్యలేదు. బోర్డు తయారుచేసినవాడు ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఏమిటన్నది ఆలోచించలేదు, అంతే. కానీ ఓడిపోయి ఇంటికిపోయిన పిలగాడికి, అది కావాలని చేశారా లేదా అన్నదానితో ఏం పని? వాడి కళ్ళు చూసింది అబద్ధమని పదిమందిలో అన్నారు. నాకు బాధ కలిగించింది అదే.

దానికి మందు వంతులు వెయ్యడం. వీధి కుళాయి దగ్గర బిందెలకి వంతులు వేసినట్టే, రెండు తుపాకులకీ వంతులు వేశాను. ఒక 555 ఐసీ తాళం కొడుతుంటే, 4017 ఐసీ ఆ తాళం ప్రకారం ఒకసారి మొదటి తుపాకీకి, ఒకసారి రెండోదానికి దారి ఇస్తుంది. ఎవరి వంతులో కాంతి తగిలితే అంకె వాళ్ళదే. సెకనులో ఎన్నోసార్లు వంతు మారుతుంది గనక నొక్కేవాళ్ళకి తేడా తెలియదు. నాలుగు బండ్లకీ నాలుగు చిన్న బోర్డులు సాల్డరింగ్ చేసి బిగించాను.

అంతటితో ఆపొచ్చు. కానీ లెక్క సరైనంత మాత్రాన సరిపోదని నాకు గట్టిగా అనిపించింది. సరైందని కాల్చినవాడికి కనపడాలి. ప్రతి రాక్షసుడి రెండు చెంపలమీదా రెండు దీపాలు పెట్టించాను, మొదటి సీటుకి ఎరుపు, రెండో సీటుకి పచ్చ. దెబ్బ లెక్కలోకి వెళ్ళిన క్షణాన ఆ సీటు దీపం వెలుగుతుంది. బుడగ పగలడంలో ఉన్న న్యాయం కాస్తయినా ఇందులోకి రావాలని. ఒలింపిక్స్ రైఫిల్, పిస్టల్ పోటీల్లో కూడా ఇప్పుడు ఎలక్ట్రానిక్ గురులే. దెబ్బ ఎక్కడ పడిందో షూటరు పక్కనే ఉన్న తెరమీద అప్పటికప్పుడే కనపడుతుంది. 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచినప్పుడు, ఆ చివరి పదోవంతు అంకె చూసి నాకు మైపాడే గుర్తొచ్చింది. అమెరికాలో డిస్నీ వాళ్ళ బజ్ లైట్‌ఇయర్ సవారీ 1998 నుంచీ ఉంది, ఫ్లోరిడాలో. బండ్లో కూర్చుని కాల్చే ఆటే అది కూడా. అంకె 9,99,999 దాకా పోయేది. దాన్ని 2025లో మూసి, తగలగానే వెలిగే గురులు పెడుతున్నామని ప్రకటించారు. ఆ వార్త చదివి చాలా సంతోషించాను.

అన్నీ బిగించిన సాయంత్రం యజమాని మనిషిని పంపి ఆ పిలగాణ్ణి పిలిపించాడు. వాడు స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే మళ్ళీ రెండో సీటులోనే కూర్చున్నాడు. బండి బయటికొచ్చేసరికి స్నేహితుడిది 190, వాడిది 180. నేను వాడి మొహం చూస్తున్నాను. ఏడవలేదు. "రెండు పోయినయి సార్, పచ్చ దీపం వెలగలా. ఆ పడమటి మూలది, ఇంకోటి చివర్ది" అని వేళ్ళు మడిచి చెప్పాడు. మళ్ళీ ఎక్కుతానన్నాడు. యజమాని మొదటిరోజు గిన్నె వాడికి బాకీ ఉందని చెప్పి, వాళ్ళమ్మ చేతికే ఇచ్చాడు.

టిక్కెట్ల కుర్రాడికి మాత్రం దీపాలు నచ్చలేదు. జనం ఎవరి లెక్క వాళ్ళే వేసుకుని వస్తున్నారనీ, గిన్నెలు ఎక్కువ పోతున్నాయనీ, వాటిని పీకేద్దామనీ అన్నాడు. యజమాని ఒప్పుకోలేదు. గిన్నెకి గీత రెండొందల యాభైకి పెంచుకుందాం గానీ దీపం తియ్యొద్దన్నాడు. అది న్యాయమైన బేరమే. గీత ఎక్కడుందో బోర్డుమీద రాసి పెడితే, ఆడాలో వద్దో జనమే చూసుకుంటారు.

సెలవులయ్యాక వాళ్ళు గుహ విప్పి లారీకెక్కించారు. తర్వాతి ఊళ్ళో ఏ మెకానిక్ చేతిలో పడుతుందో తెలియదు గనక, తీగల దారి మొత్తం అట్టమీద గీసి నాలుగు పలకల మూతల లోపల అంటించాను. పసుపు తీగ రెండో సీటుదనీ, దాన్ని మొదటిదాంతో కలపొద్దనీ పెద్ద అక్షరాలతో రాశాను. లారీ కదిలేముందు యజమాని ఒక మూత తెరిచి, ఆ మాట బయటికి చదివి, కుర్రాడి చేత కూడా చదివించాడు.