వెంట తెచ్చుకున్న అక్షరాలు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, పేవ్‌మెంట్ల నిండా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఆ గుట్టల్లో ఎప్పుడైనా వావిళ్ళ వారు అచ్చువేసిన ప్రతి చేతికందితే నా కళ్ళు ముందు అచ్చు మీదికే పోతాయి. సీసపు అక్షరం కాగితంలోకి దిగిన చోటు వేలికి తగులుతుంది. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో కంపోజిటరు ఆనాడే తేల్చేశాడు. ఆ పుస్తకాన్ని ఏ ఊళ్ళో తెరిచినా అవే అక్షరాలు.

కంప్యూటరులోని తెలుగుకు ఆ భరోసా లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడిచే ప్రోగ్రాము రాయడానికి కూర్చుంటే ఈ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఎక్స్‌పీ రోజుల్లో విండోస్‌కు గౌతమి ఉండేది, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ వచ్చింది. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు. లినక్స్‌లో ఒకరికి లోహిత్ ఉంటుంది, ఒకరికి నోటో, ఇంకొకరికి ఏదీ ఉండదు. ఏదీ లేకపోతే తెర మీద డబ్బాలే. ఉన్నా, ఒకచోట బటన్‌లో ఒదిగిన పదం ఇంకోచోట అంచు దాటిపోతుంది.

డీటీపీ చేయించుకున్న మేటర్‌ను ఇంటి కంప్యూటర్లో తెరిచినవాళ్ళకు ఇంతకన్నా పెద్ద దెబ్బ గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టిన ఫాంట్లవి. ఆ ఫాంటు లేనిచోట కవిత్వమంతా ఇంగ్లీషు గజిబిజిగా మారిపోయేది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు సొంత గడులిచ్చింది కాబట్టి ఇప్పుడు పాఠం చెడదు. కనిపించడానికి మాత్రం ఫాంటు కావాల్సిందే. అందుకే ప్రోగ్రాము తన ఫాంటును తానే వెంట తెచ్చుకోవాలంటాను. గ్రంథాలయంలో కౌంటర్ దగ్గర కూర్చుని ఆ ప్రోగ్రాము వాడే మనిషినే తీసుకోండి. ఆయన్ని ఫాంటు ఇన్‌స్టాల్ చేసుకోమనడం న్యాయం కాదు.

వెంట తెచ్చుకోవడానికి మంచి ఫాంట్లకు కొదవలేదు. సిలికానాంధ్ర ఉచితంగా అందించినవాటిలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర ఉన్నాయి. రాయలవారి కొలువు ఒక ఫోల్డర్లో ఇమిడిపోయింది! నాకు సురవరం ఇష్టం. పత్రికల కోసం చేసిన ఆ ఫాంటుకు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టినవాడాయన. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులను గోలకొండ కవుల సంచికలో అచ్చువేసి చూపించాడు. నాంపల్లిలో పుట్టి పెరిగిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే. సురవరం ఫాంటు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది కనుక, లైసెన్సు పాఠాన్ని జతచేసి ప్రోగ్రాముతో పాటు పంచవచ్చు.

ఫాంటును ఎక్కించడం రెండు మూడు లైన్ల కోడ్. చిక్కు పేరు దగ్గర వస్తుంది. ప్రోగ్రాములు రాయడానికి వాడే క్యూటీ (Qt)లో ఫాంటు ఫైలును చేర్చమంటే ఒక నంబరు తిరిగొస్తుంది. చేరకపోతే మైనస్ ఒకటి. ఆ తర్వాత ఫాంటును పిలవాల్సింది ఫైలు పేరుతో కాదు, ఫాంటు లోపల రాసి ఉన్న కుటుంబం పేరుతో. ఒక్క అక్షరం తేడా వచ్చినా ప్రోగ్రాము ఆగదు, ఏ ఫిర్యాదూ చేయదు, వేరే ఫాంటును తెచ్చి నిలబెడుతుంది. రాసినవారి కంప్యూటర్లో ఆ ఫాంటు ముందే ఉంటే లోపం అసలు కనిపించదు. ఆ ఫాంటు ఎన్నడూ ఎక్కని సిస్టంలో చూసినప్పుడే నిజం తేలుతుంది.

అక్కడ కూడా ‘క’ ఒక్కటి కనిపిస్తే సరిపోదు. ‘స్త్రీ’ని యూనికోడ్ ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. చిట్టచివర ఉన్న గుడి దీర్ఘం సకారం నెత్తికెక్కాలి, త వత్తూ క్రారవడీ కిందికి దిగాలి. ఫాంటులోని సూత్రాలను చదివి ఈ కూర్పంతా చేసేది హార్ఫ్‌బజ్ వంటి ఇంజను. అది సరిగ్గా పనిచేయకపోతే ఎంత అందమైన ఫాంటయినా పొల్లులతో విడివిడిగా నిలబడిపోతుంది.

కూర్పు కుదిరాక ఎత్తు సంగతి మిగులుతుంది. ఇంగ్లీషు కొలతకు కత్తిరించిన బటన్‌లో ‘రాష్ట్రం’ అని పెట్టి చూడండి: ట వత్తూ క్రారవడీ అడుగున తెగిపోతాయి. డిజైన్ పొందిక చెడుతుందని ఎవరైనా అభ్యంతరం చెప్పినా సరే, నేను మాత్రం ప్రతి వరుస కిందా ఇంకాస్త చోటు వదలమనే పట్టుబడతాను.