మెక్లౌడ్ వీధిలో మస్క్ ఆక్సులు

మేం గుంటూరు నుంచి కెనడాలోని అటావాకి వెళ్లేసరికి నాకు ఏడేళ్లు. 1980ల చివరి మాట. జనవరి వచ్చిందంటే బయట మైనస్ 25 డిగ్రీలు. ఆదివారం పిల్లల్ని ఇంట్లో పట్టి ఉంచడం అమ్మ వల్ల అయ్యేది కాదు. నాన్న నన్నూ తమ్ముణ్ణీ బస్సెక్కించి మెక్లౌడ్ వీధిలో ఉన్న మ్యూజియానికి తీసుకెళ్లేవాడు. ఇప్పుడు దాన్ని కెనడియన్ మ్యూజియం ఆఫ్ నేచర్ అంటున్నారు.

పాత రాతి భవనం. కింద నేల మెత్తటి బంకమన్ను. బరువుకి కుంగిపోతోందని 1915లో ముందువైపు బురుజు దించేశారు. మరుసటి ఏడు పార్లమెంటు భవనం తగలబడితే 1920 దాకా సభలు ఇక్కడే జరిగాయి. నాన్నకి ఈ కథలు ఇష్టం. మా కాళ్లు మాత్రం ఎద్దుల్లాంటి మస్క్ ఆక్సుల వైపు లాగేవి.

అద్దం వెనక ఉత్తరాది బీడు నేల, దాని మీద నిలబెట్టిన నిజం జంతువులు. పైన ఇంచుమించు నేలకి వేలాడే పొడుగాటి వెంట్రుకలు, వాటి లోపల సన్నటి ఉన్ని. "మీ అమ్మ స్వెట్టర్ తొడిగి, పైన కోటు వేస్తుంది చూడు, అట్లాగన్నమాట" అనేవాడు నాన్న. తోడేళ్లు వస్తే ఇవి పారిపోవట, దూడల్ని మధ్యలో పెట్టుకుని, కొమ్ములు బయటికి తిప్పి వలయం కడతాయట. అది విన్న రోజే తమ్ముణ్ణి దూడని చేశాం. నేనూ, నాన్నా, అక్కడ పరిచయమైన ఇద్దరు పిల్లలూ కోట్లతోనే వాడి చుట్టూ వీపులు ఆనించి నిలబడ్డాం. అప్పటిదాకా చలంటే నాకు శిక్షే. అది కొందరికి సొంత ఊరని ఆ హాల్లోనే తెలిసింది.

2017 వేసవిలో అక్కడే ఆర్కిటిక్ గ్యాలరీ తెరిచారు. నిజం మంచుపలకలు నిలబెట్టి, వాటి మీద బొమ్మలు కదిలిస్తారు. ఎవరైనా ముట్టుకోవచ్చు. అమ్మని తీసుకెళ్లాను. ఏళ్ల తరబడి గ్లవ్స్ లేకుండా గడప దాటని మనిషి, అరచెయ్యి ఆనించి చాలాసేపు తియ్యలేదు. తర్వాత, "మీ ఎద్దులెక్కడే?" అంది. అద్దం వెనక జంతువుల్ని నిలబెట్టిన ఆ పాత డయోరమాల్ని పారెయ్యకుండా బాగుచేసి ఉంచారు. అది మంచి పనని నా గట్టి నమ్మకం. తాకనిచ్చే వస్తువు పిల్లల్ని దగ్గరికి రప్పిస్తుంది, నిజమే. కానీ తాకనివ్వని ఆ అద్దం ముందే నేను చూడటం నేర్చుకున్నాను.

అక్కడి డయోరమాలకి వెనక తెరలు గీసినవాళ్లలో క్లారెన్స్ టిల్లేనియస్ ఒకడు, మానిటోబా చిత్రకారుడు. 1936లో రైలుమార్గం పనిలో కుడిచెయ్యి పోతే ఎడమచేత్తో గీయడం నేర్చుకున్నాడు. ఊహించి గీయకుండా, జంతువులు తిరిగే చోటికే వెళ్లి చూసి గీశాడు. నిజం మట్టి ఎక్కడ ఆగిందో, బొమ్మ నేల ఎక్కడ మొదలైందో కనిపెట్టాలని నేనూ తమ్ముడూ అద్దానికి ముక్కులు ఆనించి వెతికేవాళ్లం. వాడు రాయి వెనకాల అంటాడు, నేను గడ్డిదుబ్బు పక్కన అంటాను. ఆ పోట్లాట బస్సులో ఇంటిదాకా సాగేది. ఇప్పటికీ ఫోన్లో ఆ మాటొస్తే వాడు ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను.