పిట్స్‌బర్గ్‌లో గుడి అయ్యాక

పిట్స్‌బర్గ్ వెళ్తున్నామంటే మనవాళ్ళెవరూ ఎందుకని అడగరు. పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉందిగా! 1977లో కుంభాభిషేకం జరిగిన గుడి. పిల్లల పుట్టువెంట్రుకలకీ, కొత్త కారు పూజకీ, మొక్కు తీర్చుకోవడానికీ చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉంటారు. దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర తిని, పిల్లలు కారులో నిద్రపోతుంటే వెనక్కి తిరగడం. కొలంబస్ నుంచి మాకు 3 గంటల దారి.

ఆ గుడికి దగ్గర్లోనే, పక్క ఊరు మన్రోవిల్‌లో ఒక పెద్ద మాల్ ఉంది. స్వామి గుడిలో కొలువైన అదే ఏడాది, 1977 చలికాలంలో, ఆ మాల్‌లో రాత్రిళ్ళు శవాలు నడిచాయి. సినిమా కోసం లెండి. జార్జ్ రొమేరో తీసిన 'డాన్ ఆఫ్ ది డెడ్' అక్కడే తయారయింది. అంతకు పదేళ్ళ ముందు ఆయన తీసిన మొదటి సినిమా 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. దాని మొదటి సన్నివేశం తీసిన శ్మశానం పిట్స్‌బర్గ్‌కి ఉత్తరాన, సుమారు 30 మైళ్ళ దూరంలో, ఇవాన్స్ సిటీ అనే చిన్న ఊళ్ళో ఉంది. గుడితో పాటు ఈ రెండూ కలిపి చూసొచ్చిన ప్రయాణం గురించి చెబుతాను. "అదేం పిచ్చి?" అని నవ్వుకోండి, ఫరవాలేదు. మా అత్తయ్యగారు ముందే నవ్వేశారు.

అసలు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. 1999లో పెళ్ళయి హెచ్-4 వీసా మీద వచ్చాను. ఉద్యోగం చెయ్యకూడదు. ఉన్న ఒక్క కారు మావారు ఆఫీసుకి తీసుకెళ్ళేవారు. బయట మంచు. నడిచి వెళ్ళగలిగినది ఒక్క లైబ్రరీయే. అక్కడ పాత వీడియో క్యాసెట్లు డాలరుకొకటి అమ్మేవారు. మొదట నవ్వుల సినిమాలు తెచ్చుకున్నాను. ఆ జోకులు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. దెయ్యాల సినిమాకి ఆ ఇబ్బంది లేదు, భయపడటానికి యాస అడ్డం రాదు. పైగా రాజమండ్రిలో చిన్నప్పుడు పండక్కి వీసీఆర్ అద్దెకి తెచ్చి, రాత్రంతా వరసగా క్యాసెట్లు వేసి, అందరూ కునుకుతీసే వేళకి 'పురానా మందిర్' పెట్టిన ఇంట్లో పుట్టినదాన్ని. అలవాటే.

'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' క్యాసెట్ అలా నా చేతికొచ్చింది. బొమ్మ ఎంత నల్లగా ఉందంటే ఎవరు బతికున్నవాళ్ళో ఎవరు శవాలో ట్రాకింగ్ బటన్ నొక్కి తేల్చుకోవాల్సి వచ్చేది. తర్వాత అదే సినిమా ఇంకో అట్టతో, ఇంకో కంపెనీ పేరుతో దొరికింది. ఆ తర్వాత మూడోది. ఇన్ని కంపెనీలెందుకని ఆరా తీస్తే అసలు కథ తెలిసింది. సినిమాకి ముందు వేరే పేరు పెట్టారు. విడుదలకి ముందు పేరు మార్చినప్పుడు కొత్త పేరు పలకం మీద కాపీరైట్ గుర్తు వెయ్యడం పంపిణీదారులు మరిచిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకపోతే హక్కు లేనట్టే. దాంతో ఎవరికి వారు క్యాసెట్లు చేసుకుని అమ్ముకున్నారు. టేపు కలిసొస్తుందని తక్కువ వేగంలో ఎక్కించేవారు కాబట్టే బొమ్మ అంత అధ్వాన్నం. తీసినవాళ్ళకి రావలసిన డబ్బు చాలావరకు పోయింది. సినిమా మాత్రం ఇల్లిల్లూ చేరింది. డాలరు పెట్టి కొన్న నాదాకా వచ్చిందంటే ఆ మరుపు వల్లే.

ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఒకాయనకి మాంసం కొట్టు ఉండటంతో శవాలు తినే పేగులు ఆయనే సరఫరా చేశాడు. రక్తమేమో చాక్లెట్ సిరప్. సినిమా నలుపు తెలుపు కదా, తేడా తెలియదు. ఎలాగూ పడగొట్టబోతున్న ఇల్లొకటి అద్దెకి దొరికితే అందులోనే కిటికీలకి చెక్కలు కొట్టి తీసేశారు. మీరు గమనించండి, సినిమా మొత్తంలో 'జాంబీ' అన్న మాట ఎవరూ అనరు.

50 ఏళ్ళు దాటిన సినిమా కాబట్టి ముగింపు చెప్పేస్తున్నాను. ఆ ఇంట్లో చిక్కుకున్నవాళ్ళలో అందరికీ ధైర్యం చెప్పినవాడు బెన్. ఆ పాత్ర వేసిన డ్యూయేన్ జోన్స్ నల్లజాతి నటుడు. 1968లో అలాంటి నటుణ్ణి నాయకుడిగా పెట్టడం మామూలు విషయం కాదు. రాత్రంతా శవాలతో పోరాడి, చివరికి నేలమాళిగలో దాక్కుని అతనొక్కడే మిగులుతాడు. తెల్లారి తుపాకులతో ఊరివాళ్ళు వస్తారు. చప్పుడు విని అతను కిటికీ దగ్గరికి వస్తాడు. ఇంకో శవం అనుకుని కాల్చేస్తారు. అంతే, సినిమా అయిపోయింది. సినిమా పూర్తిచేసి ప్రింటు కారులో వేసుకుని న్యూయార్క్ వెళ్తుంటే, దారిలో రేడియోలో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చారన్న వార్త విన్నామని రొమేరో చాలాసార్లు చెప్పాడు.

2017లో మావాడు ఆ సినిమా మొదటిసారి చూశాడు. అప్పుడు వాడికి 16 ఏళ్ళు, కొత్తగా లైసెన్సు వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీరుని "నా దేశం నుంచి పొండి" అంటూ కాల్చి చంపారు. మన ఇళ్ళల్లో ఆ వారమంతా ఎలా గడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. సినిమా అయ్యాక వాడు రిమోట్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "కాల్చే ముందు ఒక్కసారి పిలవొచ్చు కదమ్మా, పలుకుతాడో లేదో చూడొచ్చు కదా?" అన్నాడు. పోలీసు కారు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాలని నేను వాడికి పదిసార్లు చెప్పి ఉంటాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. మళ్ళీ వేసవిలో రొమేరో పోయాడన్న వార్త చూసి, "అమ్మా, ఆ ఊరు వెళ్దాం" అన్నది వాడే.

వెళ్ళేసరికి 2018 అక్టోబరు అయింది. అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు. ప్రయాణం వరస ఆవిడే నిర్ణయించారు. "శ్మశానానికి వెళ్ళి గుడికి వెళ్తామా అమ్మాయ్? ముందు గుడి, తర్వాత మీ దెయ్యాలు." కాబట్టి శనివారం దర్శనం, మధ్యాహ్నం మాల్, ఆదివారం ఇవాన్స్ సిటీ.

మాల్‌లో చూడటానికి, నిజం చెప్పాలంటే, పెద్దగా ఏమీ లేదు. రొమేరో కంచు విగ్రహం, తలవరకే, ఆ ఏడాదే పెట్టారు. సినిమాలో కనిపించే ఐస్ స్కేటింగ్ చోటు ఎప్పుడో పోయి ఫుడ్ కోర్టు వచ్చింది. షూటింగ్ దుకాణాలు మూశాక రాత్రిళ్ళు జరిగేదిట. క్రిస్మస్ అలంకరణలు పెట్టిన రోజుల్లో ఆపేసి, అవి తీశాక మళ్ళీ మొదలుపెట్టారు. శవాలుగా నడిచినవాళ్ళలో చాలామంది చుట్టుపక్కలవాళ్ళే. చచ్చినవాళ్ళు మాల్‌కే ఎందుకొస్తారంటే, బతికుండగా వాళ్ళకి ముఖ్యమైన చోటు ఇదే, ఆ గుర్తుకొద్దీ వస్తారని సినిమాలో ఒక పాత్ర అంటుంది. అత్తయ్యగారికి అది చెప్పాను. ప్రతి చలికాలం కొలంబస్ మాల్‌లో చీరమీద స్వెట్టరు, కాళ్ళకి స్నీకర్లు వేసుకుని పొద్దున్నే రౌండ్లు కొట్టే మనిషి ఆవిడ. "అయితే నేనూ చచ్చాక అక్కడే తిరుగుతానన్నమాట" అని నవ్వి, ఇక్కడ కూడా ఒక రౌండు పూర్తి చేశారు. ఆ మాల్‌ని 2025లో వాల్‌మార్ట్ కొనేసింది, పడగొట్టి కొత్తగా కట్టే ఆలోచనలో ఉంది. చూడాలనుకుంటే ఆలస్యం చెయ్యకండి.

ఇవాన్స్ సిటీ శ్మశానం గుట్ట మీద ఉంటుంది. సినిమా మొదట్లో కారు ఎక్కి వచ్చే ఆ దారి చూడగానే మావాడు గుర్తుపట్టాడు. లోపల చిన్న ప్రార్థనా మందిరం. పాడుబడి కూల్చేసే స్థితికొస్తే అభిమానులు చందాలు వేసుకుని బాగు చేయించారు. అంతకుమించి బోర్డులూ హడావిడీ ఏమీ లేవు. ఇప్పటికీ మనుషుల్ని పూడుస్తున్న చోటు, గట్టిగా నవ్వడానికి మనసు రాదు.

వెళ్ళే ముందు ఇంట్లో కొత్త డిస్కు వేశాను. అసలు నెగెటివ్ నుంచి శుభ్రం చేసి ఆ ఏడాదే క్రైటీరియన్ వాళ్ళు తెచ్చినది. అత్తయ్యగారు శ్మశానం సన్నివేశం వరకు చూసి లేచిపోయారు. అందులో అన్నాచెల్లెళ్ళు తండ్రి సమాధి మీద పూలచక్రం పెట్టడానికి వస్తారు. వెనక్కి వెళ్ళాలంటే ఇంకా 3 గంటలు నడపాలి. అన్న విసుక్కుంటూనే ఉంటాడు, డబ్బు పెట్టి చక్రం కొంటాం, ఏడాదికల్లా అది ఉండదు అని.

అత్తయ్యగారు ఒక సమాధి రాయి మీద పడిన మేపుల్ ఆకుల్ని చేత్తో పక్కకి తోశారు. ఎవరిదో, పేరు చదవడం ఆవిడకి రాదు. "ఆ పిల్లాడు విసుక్కున్నా వచ్చాడు కదమ్మా" అన్నారు. "వీళ్ళకి వచ్చి నిలబడటానికో చోటుంది."

మామయ్యగారు పోయినప్పుడు మావారికి టిక్కెట్టు దొరికి ఇల్లు చేరేసరికి మూడోరోజు. కొరివి మా మరిది పెట్టాడు. అస్థికలు కోటిలింగాల రేవులో కలిపేటప్పుడు మాత్రం ఉన్నారు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మావారు ప్రార్థనా మందిరం చూసొస్తానని అటు వెళ్ళారు. మావాడు ఫోటోలు తియ్యడం ఆపి, నాన్న వెనకాలే వెళ్ళాడు.

కొలంబస్ చేరేసరికి చీకటి పడింది. అత్తయ్యగారు ఎవర్నీ ముందు తలుపు తియ్యనివ్వలేదు. గరాజ్‌లోంచి బేస్‌మెంట్‌కి, అక్కడి బాత్‌రూమ్‌లో ఒక్కొక్కరూ తలస్నానం చేసి, విడిచిన బట్టలు తిన్నగా వాషర్‌లో వేసి, అప్పుడు పైకి రావాలి. మావాడు కిక్కురుమనకుండా చేశాడు. మావారు ఆఖరున వెళ్ళారు. కిందనుంచి చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. అత్తయ్యగారు స్టవ్ మీద చారు రెండుసార్లు వెచ్చబెట్టారు.